లోగేరు బండికి ఏం కావాలి

కొండ మొదట్లో బండి ఆపి దిగుతాడు. ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, వాల్వు మూత తీసి పళ్ళ మధ్య పెట్టుకుని, బొటనవేలి గోరుతో లోపలి పిన్ను నొక్కుతాడు. గాలి బుస్సుమంటుంది. పెదవులు కదలకుండా లెక్కపెడతాడు. ముందు చక్రాలకు తొంభై. వెనక అరవై చాలు, వెనక డీజిల్ పీపాలుంటాయి. నాలుగూ అయ్యాక మూతలు బిగించి, ఒక చెయ్యి నడుముకు ఆనించి, రెండో చేత్తో బండి తలుపు పట్టుకుని, మూడు విడతలుగా లేస్తాడు. పద్దెనిమిదేళ్ళుగా వారానికి మూడుసార్లు ఇదే. ఆ గోరు గిట్టలా మందమెక్కింది.

"గట్టి చక్రం రాయిని తంతుంది. మెత్తటి చక్రం రాయిని పట్టుకుంటుంది" అంటాడు, ఎవరైనా అడిగితే. అడిగేవాళ్ళు తక్కువ.

కొండమీద ఒక టవరు ఉంది. కింద ఊళ్ళన్నిటి ఫోన్లకూ అదే దిక్కు. దానికి జనరేటరు, జనరేటరుకు డీజిలు, చూసుకోవడానికి ముగ్గురు ఆపరేటర్లు. వాళ్ళకు నీళ్ళు, సరుకులు, మందులు. ఇవన్నీ పదకొండు కిలోమీటర్ల మట్టి, రాతి దారిలో ఒక్క పికప్ బండి మీద వెళ్ళాలి. దారి మొదలైన చోటునుంచి చివరిదాకా అతను లో గేరు దాటడు. అందుకే డిపోలో అతని పేరు లోగేరు. ఆ పేరు పెట్టినవాడు ఎప్పుడో రిటైరయ్యాడు. పేరు మాత్రం రిటైరవలేదు. కోపం వచ్చినప్పుడు పెళ్ళాం కూడా అదే పేరుతో పిలుస్తుంది.

ఆర్నెల్ల కిందట డాక్టరు అతని వెన్నెముక ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూశాడు.

"కొండ మానెయ్యాలి."

"మానేస్తే?"

"నడుస్తావు."

"మానకపోతే?"

డాక్టరు ఫిల్మును కవరులో పెట్టి ఇచ్చేశాడు.

అప్పటినుంచి లోగేరు చూపు డిపోలో ఒక సీటు మీదే ఉంది. ఒక డిపో నుంచి ఇంకో డిపోకు సామాను చేరవేసే వ్యానది. అంతా తారు రోడ్డు. ఆ వ్యాను డ్రైవరు వెళ్ళిపోతున్నాడని శుక్రవారం తెలిసింది. ఆ మధ్యాహ్నమే సూపర్‌వైజరు పిలిచాడు.

"ఆ సీటు నీకే ఇద్దామని ఉందయ్యా. నీ నడుము సంగతి నాకు తెలీదా? కానీ నిన్ను తీస్తే కొండకెవడు వెళ్తాడు?"

"ఎవరో ఒకరు వెళ్తారు సార్."

"వెళ్తారు. తిరిగి రావద్దూ?" సూపర్‌వైజరు తన మాటకు తనే నవ్వి, ఒక తెల్లకాగితం ముందుకు తోశాడు. "పైఆఫీసు ఒప్పుకుంది. బండికి కావాల్సినవి బిగించుకోమన్నారు. ఏవి పనికొస్తాయో ఏవి దండగో నీకంటే తెలిసినవాడు లేడు. రాసివ్వు. కింద ఒక ముక్క చేర్చు, ఇవి బిగిస్తే కొత్త డ్రైవరైనా కొండెక్కించగలడని. సంతకం పెట్టు. సోమవారం పొద్దున నా బల్ల మీద ఆ కాగితం ఉంటే, వ్యాను తాళాలు నీ చేతిలో ఉంటాయి."

"కొండకెవరు సార్?"

"మీ బావమరిది దరఖాస్తు పెట్టాడుగా. ఇంట్లో చెప్పలేదా?"

చెప్పలేదు. బావమరిది వాళ్ళింట్లోనే ఉంటాడు, ముందుగదిలో మడతమంచం మీద. ఊరి చివర, పికప్‌లకు హంగులు బిగించే వర్క్‌షాపులో పని. పని ఉన్నప్పుడు పిలుస్తారు. ఈమధ్య పిలవడం లేదు. ముప్పై దాటాయి, చేతిలో మంచి పనితనం ఉంది, నోట్లో అంతకంటే మంచి పనితనం ఉంది.

శనివారం ఇస్త్రీబల్ల మీద కేటలాగు పరిచాడు. బల్లకు ఆ చివర అతని అక్క, లోగేరు పెళ్ళాం, హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. లోగేరు పెన్సిలు పట్టుకున్నాడు.

"ఇదేంట్రా, ఏనుగు తొండంలా?"

"స్నార్కెల్ బావా. బండి నీళ్ళలో మునిగినా ఇంజను ఊపిరి పీల్చుకుంటుంది."

"కొండమీద ఏ నీళ్ళలో మునుగుతాను?"

"చూడ్డానికి బావుంటుంది."

కొట్టేశాడు. కప్పు మీద బిగించే లైట్ల పట్టీ వచ్చింది. పగలు ఎక్కి పగలే దిగుతాను కదా అని అదీ కొట్టేశాడు. ఇంజను కింద ఆయిల్ చాంబరుకు ఇనపరేకు రక్షణ. దానికి టిక్కు పెట్టాడు, రెండుసార్లు చాంబరు పగిలి ఆయిలంతా కారిపోయింది మరి. వెనక డిఫరెన్షియల్ లాకు. ఒక చక్రం గాల్లో తిరుగుతున్నా రెండోది నేలను పట్టుకుని లాగుతుంది. టిక్కు. పక్కలు దళసరిగా ఉన్న టైర్లు, పాత సైజులోనే. టిక్కు. బ్యాటరీతో గాలి కొట్టే కంప్రెసరు. పెన్సిలు దాని మీద ఆగింది. దిగొచ్చాక నాలుగు చక్రాలకూ కాలిపంపుతో గాలి కొట్టడానికి అతనికి ముప్పావుగంట పడుతుంది. నడుముకు అదే పెద్ద శత్రువు.

"ఇదెందుకు అడగలేదు బావా ఇన్నాళ్ళూ?"

"అడగమని ఎవరన్నారు?" టిక్కు పెట్టాడు.

"వించి."

"ఏం చేస్తుందది?"

"బంపర్లో మోటారు, ఇనపతాడు. ఇరుక్కుంటే రాయికో చెట్టుకో కట్టి లాగుతుంది."

"నేను ఇరుక్కోలేదే ఎప్పుడూ. షోకు."

"నువ్వు ఇరుక్కోలేదని లోకంలో ఎవడూ ఇరుక్కోడా?"

అక్క ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని నవ్వింది. "నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలడగలేదు ఈయన."

వించి కొట్టేశాడు. ఇక మిగిలింది పెద్దది. బండిని నాలుగంగుళాలు పైకి లేపడం, వెడల్పాటి చక్రాలు వెయ్యడం.

"ఇదే అసలు బావా. రాళ్ళు తగలవు. బండి ఒదిగి కూర్చుంటుంది. ఇది చేస్తే కొండ నా జేబులో ఉన్నట్టే."

"నాకిప్పుడు మాత్రం తగుల్తున్నాయా?"

"నీకు తగలవు. రాళ్ళకి చుట్టానివి నువ్వు. నా సంగతి చూడు."

లోగేరు టిక్కు పెట్టలేదు, కొట్టెయ్యలేదు. బండిని లేపితే బరువూ లేస్తుంది. బరువు లేస్తే వాలులో తూలుతుంది. ఇది అతనికి తెలుసు. కానీ తెలిసింది చెప్పబోతే గొంతులో వ్యాను తాళాలు గలగలమన్నాయి.

"ఎక్కి చూస్తే పోలా?" అన్నాడు బావమరిది. "వర్క్‌షాపులో అచ్చం మన మోడలే, అన్నీ బిగించింది ఉంది. డిపో ఆర్డరొస్తుందన్న ఆశతో ఓనరే తీసుకెళ్ళమన్నాడు. రేపు ఖాళీయేగా."

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. బావమరిది నడిపాడు. ఆ దారిలో పక్కసీట్లో కూర్చోవడం లోగేరుకు అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంటే ఎవరివో అనిపించాయి.

మొదటి ఏడు కిలోమీటర్లు బండి గొప్పగా వెళ్ళింది. అతను ముప్పైసార్లు మెలికలు తిరిగి తప్పించే రాళ్ళమీంచి అది గొర్రెపిల్లలా దాటుకుంటూ పోయింది. కొత్త స్ప్రింగులు దెబ్బల్ని మింగేశాయి. నడుము నొప్పి పెట్టలేదు. ఇది నడపొచ్చు, అనుకున్నాడు. ఎవడైనా నడపొచ్చు. సూపర్‌వైజరు అడిగిన వాక్యం మనసులో రాసుకున్నాడు. రెండుసార్లు రాసుకున్నాడు. అక్షరాలు కుదురుగా వచ్చాయి.

తర్వాత వాలుబండ వచ్చింది.

దారికి అడ్డంగా పరుచుకున్న ఒకే ఒక్క రాతిపలక అది. ముప్పై అడుగుల పొడవు. ఒక పక్క నిలువురాయి, ఇంకో పక్క లోయ. పలక లోయవైపు వాలి ఉంటుంది. ఎక్కడినుంచో సన్నగా నీరు ఊరి దానిమీద ఎప్పుడూ తడి.

"ఆపరా. నేను దిగి చూపిస్తా."

"ఇంత ఎత్తులో ఉన్నాం, ఇంకా దిగడమేంటి బావా?"

ఆపలేదు. పలక మీద సగం దూరం సాఫీగా వెళ్ళాక, లోయవైపు ముందు చక్రం కింద ఏదో రాయి ఒక్కసారి పక్కకు జారిపోయింది. బండి ఒరిగింది. కొండవైపు ముందు చక్రం నేలను వదిలేసింది. ఇంజను ఆగిపోయింది. లోగేరు పక్క అద్దంలో నిలువురాయి ఉండాల్సిన చోట ఆకాశం ఉంది.

స్టీరింగు లోయవైపు. బావమరిది ఆ పక్క తలుపుకు అతుక్కుపోయి ఉన్నాడు. లోగేరు అతని మీద పడకుండా పైనున్న పిడి పట్టుకుని వేలాడుతూ, కాళ్ళు డాష్‌బోర్డుకు తన్నిపెట్టాడు.

"బావా."

"కదలకు."

"దిగిపోతా బావా నేను."

"ఎటు దిగుతావు? నీ తలుపవతల గాలే."

"అయితే నువ్వు దిగు."

"నేను దిగితే నువ్వూ బండీ కలిసి దిగుతారు. నా బరువే ఆపుతోంది."

బావమరిది రెండు చేతులా స్టీరింగును కావలించుకున్నాడు. తర్వాత సన్నగా, "కొంచెం లావెక్కాల్సింది బావా నువ్వు" అన్నాడు.

లోగేరు ఒక చేత్తో ఫోను తీశాడు. సిగ్నలు నిండుగా ఉంది. టవరు కిందే కదా. పైనున్న పెద్ద ఆపరేటరు మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏం లోగేరూ, ఆదివారం?"

"వాలుబండ మీదున్నాం. ఒక పక్క గాల్లో ఉంది."

"నువ్వా?"

"నేను పక్కసీట్లో."

"అదీ, అలా చెప్పు. తాళ్ళు తీసుకుని దిగుతున్నాం. గంటన్నర పడుతుంది. ఊగకండి."

గంటన్నర. దిగలేడు, వాలలేడు, కాలు చాపలేడు. నొప్పి నడుములో మొదలై తొడలోకి, తొడలోంచి పిక్కలోకి దిగి, అరికాల్లో కూర్చుంది. దాన్నుంచి దృష్టి మళ్ళించడానికి అద్దంలోంచి ముందుకు చూశాడు. తన బండిలోంచి ఈ పలక ఎప్పుడూ కనపడదు, బానెట్టు అడ్డం. దిగినప్పుడు చూసేది చక్రం జారిన చోటొక్కటే. ఈ బండి ఎత్తు. పైగా ఒరిగి ఉంది. అందుకని పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ముందున్న వాలుబండ పైభాగమంతా ఒక్కసారే కనపడింది.

దాని మీద రెండు వరసలున్నాయి. పగుళ్ళలో దిగ్గొట్టిన చదునురాళ్ళు, సందుల్లో చీలికలు. లోయవైపు వరస ఎత్తుగా, కొండవైపుది పల్చగా. చివరిదాకా, రెండింటి మధ్యా ఎక్కడా వేలెడు తేడా లేదు.

బావమరిది కూడా చూశాడు. "ఎవరు పేర్చారు బావా అవి?"

"నేనే."

"ఎప్పుడు?"

"ఒకరోజని ఏముంది? చక్రం జారినచోటల్లా ఒక రాయి పెడుతూ వచ్చా."

బావమరిది చాలాసేపు ఆ వరసల వైపే చూశాడు. "పట్టాలు వేశావు బావా. కొండమీద రైలు నడుపుతూ బండి నడుపుతున్నాననుకుంటున్నావు."

నిజమే. రాళ్ళు అతని చక్రాల కొలతకు పడ్డాయి. ఈ వెడల్పు చక్రాలు రెండు పక్కలా నాలుగేసి వేళ్ళు బయటికున్నాయి. రాయి అంచు మీద ఎక్కాయి, రాయి తిరిగింది. కొండవైపు జరుపుదామంటే నిలువురాయి. ఇక్కడ ఒక్క బండికే చోటుంది. ఆ చోటు తానే కొలిచి, తానే పేర్చి, తానే మూసేశాడు.

రోడ్డు బాగుచెయ్యమని తొమ్మిదేళ్ళ కిందట అర్జీ పెట్టాడు. బండి వెళ్తూనే ఉందిగా అని తిప్పి పంపారు. అప్పుడు తన పనితనానికి లోలోపల మురిసిపోయిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆపరేటర్లు ముగ్గురూ వచ్చారు. ముందు పక్కతాడు వేసి, బండి చట్రాన్ని పైనున్న బండరాయికి కట్టారు. తర్వాత బంపరులోని వించి కేబులు లాగి ఇంకో రాయికి చుట్టారు. బావమరిది లోపల్నుంచి మీట నొక్కాడు. కేబులు బిగిసింది, కీచుమంది, బండి అంగుళం అంగుళం లేచి చదును మీదికి చేరింది.

బావమరిది కిందకి దిగి నేలమీద కూలబడ్డాడు. మొహం సున్నంలా ఉంది. అయినా నోరు ఊరుకోలేదు. "షోకన్నావుగా బావా వించిని."

"తప్పే" అన్నాడు లోగేరు. అతను ఇంకా సీట్లోంచి దిగలేదు. దిగలేకపోయాడు. ఇద్దరు ఆపరేటర్లు చంకల కింద చేతులు వేసి దింపారు.

తిరుగు దారిలో వాళ్ళు పక్కతాడు పట్టుకుని పలక దాటేదాకా నడిచారు. స్టీరింగు లోగేరు పట్టాడు.

సాయంత్రం ఇస్త్రీబల్ల మీద అదే కాగితం. పెళ్ళాం గుడ్డ మడతపెట్టి, ఇస్త్రీపెట్టెతో వేడిచేసి అతని నడుము మీద అద్దుతోంది. జరిగిందంతా తమ్ముడు చెప్పేశాడు, కొంచెం పెంచి.

"లిఫ్టొద్దు బావా, వెడల్పు చక్రాలూ వద్దు. ఒప్పుకున్నా" అన్నాడు తమ్ముడు. "పాత బండే ఉంచు. నీ రాళ్ళమీదే నడుపుతా. ఎక్కడున్నాయో చెప్పు చాలు. సున్నం గుర్తులు పెడతా."

"కనపడవురా. బానెట్టు అడ్డం."

"మరి నీకెలా తెలుస్తుంది?"

లోగేరు కాగితం తిప్పి వెనక వైపు పలక బొమ్మ గీశాడు. మొదటి రాయి దగ్గర పెన్సిలు ఆనించాడు. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ గాల్లో స్టీరింగులా పట్టుకున్నాడు. "ఇక్కడ... నడుములో కింద, కుడిపక్క సూదిలా ఒకటి గుచ్చుతుంది. అప్పుడు కొంచెం కొండవైపు తిప్పాలి. తర్వాత పక్కటెముక పట్టేస్తుంది. పట్టలేదంటే రాయి తప్పినట్టు. వెంటనే ఆపాలి. ఆ తర్వాత..."

కళ్ళు తెరిచాడు. ఇద్దరూ అతన్నే చూస్తున్నారు. బొమ్మ మీద ఒక్క గుర్తూ పడలేదు.

"నాకలా తెలియడానికి ఎన్నాళ్ళు పడుతుంది బావా?"

"నీ నడుము పోవడానికి ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు."

బావమరిది మడతమంచం అంచు మీద కూర్చుని గోళ్ళు చూసుకున్నాడు. "రాసెయ్ బావా" అన్నాడు. "నేను జాగ్రత్తగా వెళ్తా. నీకు సీటొస్తుంది, నాకు పనొస్తుంది. వించి ఉంటుందిగా."

"వించి తాడు లాగి రాయికి కట్టింది ఎవరు ఇవాళ? నువ్వా? నువ్వు లోపల దేవుణ్ణి తలుచుకుంటున్నావు. కొండకెళ్ళేది ఒక్కడేరా."

లోగేరు పెళ్ళాం వైపు తల తిప్పాడు. ఏం చెయ్యమంటావన్నట్టు.

ఆమె గుడ్డ వేడి చూసుకోవడానికి చెంపకు ఆనించుకుంది. "మీ నడుమూ నాదే, వాడి తలకాయా నాదే. అడకత్తెరలో పోకచెక్కని పట్టుకుని ఏ వైపు తెగమంటావని అడుగుతారా? నన్నడక్కండి." గుడ్డ మళ్ళీ నడుము మీద పెట్టింది. ఈసారి మామూలుకంటే గట్టిగా నొక్కింది.

అతను కాగితాన్ని ముందు వైపుకు తిప్పాడు. చాంబరు రేకు, వెనక లాకు, పక్కలు దళసరి టైర్లు పాత సైజులో, కంప్రెసరు. వించి అని రాసి, పక్కన "ఇద్దరు వెళ్తేనే" అని చేర్చాడు. ఎత్తు పెంచరాదు, వెడల్పు పెంచరాదు అని రాశాడు. తర్వాత పెన్సిలు పక్కన పెట్టి పెన్ను అడిగాడు. తమ్ముడే లేచి తెచ్చిచ్చాడు.

"ఇవి బిగిస్తే బండికి మంచిది. కొత్త డ్రైవరు ఎక్కించలేడు."

సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున సూపర్‌వైజరు ఆ కాగితం నిలబడే చదివాడు. చదివి కూర్చున్నాడు.

"పైనంతా బావుంది. ఆ చివరి వాక్యం ఒక్కటి తీసెయ్యవయ్యా. ఇంకో కాగితం ఇస్తా."

"వద్దు సార్."

"వ్యాను సీటు ఇవాళే వేరేవాడికి పోతుంది."

"తెలుసు సార్."

"ఇద్దరు వెళ్తేనే అంటే ఎలా? రెండో మనిషికి పోస్టు లేదు." పెన్ను తీసి వించి కొట్టేశాడు. "రోడ్డు సంగతి రాయొచ్చుగా మళ్ళీ?"

"రాస్తాను సార్. బండి వెళ్తోందిగా అంటారు."

సూపర్‌వైజరు గోడకున్న మేకు నుంచి పికప్ తాళం తీసి బల్ల మీద పెట్టాడు. వ్యాను తాళాలు పక్క మేకుకు అలాగే ఉన్నాయి.

నాలుగు పీపాలు ఎక్కించుకుని, ఎక్కాల్సినంత ఎక్కి, లోగేరు వాలుబండ మొదట్లో బండి ఆపాడు. హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాలకు అడ్డురాళ్ళు పెట్టి, సీటు వెనకనుంచి గడ్డపార తీశాడు. నిన్న తిరిగిపోయిన రాయిని ముందు సరిచేశాడు. తర్వాత దారి పక్కనున్న ఒక చదునురాయిని ఎత్తకుండా గడ్డపారతో దొర్లించుకుంటూ తెచ్చి, లోయవైపు వరసలోని మొదటి రాయికి వెలుపల, వెడల్పు చక్రం కూడా పట్టేలా నాలుగు వేళ్ళు బయటికి ఆనించాడు. కాలుపెట్టి తొక్కి చూశాడు. ఊగింది. తీసి, తిరగేసి పెట్టి, సందులో చీలిక కొట్టాడు. ఈసారి ఊగలేదు.

ఫోను మోగింది. పైనుంచి పెద్ద ఆపరేటరు.

"ఎక్కడున్నావు? జనరేటరు అడుగంటుతోంది."

"వాలుబండ దగ్గర."

"మళ్ళీ ఇరుక్కున్నావా?"

లోగేరు వరస చివరిదాకా చూశాడు. కింద నిలబడితే, పలక వాలుకీ తడి మెరుపుకీ నాలుగైదు రాళ్ళకంటే కనపడలేదు. ఎండ తడి మీద పడి మెరుస్తోంది.

"గంటలో వస్తా" అని ఫోను జేబులో పెట్టుకుని, గడ్డపార ఊతగా రెండో రాయి కోసం పక్కకు దిగాడు.